స్టూడియోలో ఇంటి పరికరాలు: తీగ కలిపే ముందు తెలుసుకోవలసినవి

రేడియో స్టూడియోలోకి వచ్చే ప్రతి ధ్వనికీ ఒకప్పుడు నిర్ణీతమైన దారి ఉండేది. మైక్రోఫోన్, టేప్ రికార్డర్, టర్న్‌టేబుల్, టెలిఫోన్ లైన్ అన్నీ ప్రసార అవసరాలకు తగినట్లు ఎంపిక చేసిన పరికరాలే. వాటి తీగలను ఏ విధంగా కలపాలో ఇంజనీరింగ్ విభాగం ముందే నిర్ణయించి ఉంచేది. నేడు ఆ పరిస్థితి మారింది. పొలం గట్టు మీద రికార్డు చేసిన రైతు మాటలు విలేకరి సెల్‌ఫోన్‌లో వస్తున్నాయి. చర్చకు వచ్చిన అతిథి తన దగ్గరున్న పాటను ల్యాప్‌టాప్‌లో తెస్తున్నారు. శ్రోతలు తమ ఇంట్లో భద్రపరచిన హరికథల క్యాసెట్లను, వాటిని పలికించే పాత టేప్ రికార్డర్‌తో సహా పట్టుకొని వస్తున్నారు.

ఈ పరికరాలు ఇంట్లో చక్కగా పనిచేస్తాయి. స్టూడియోలోని మిక్సింగ్ కన్సోల్‌కు కలపగానే చిక్కులు మొదలవుతాయి. ఒకసారి ధ్వని మరీ సన్నగా వస్తుంది. మరొకసారి మాటల అడుగున ఎడతెగని గుయ్‌మనే రొద వినిపిస్తుంది. ఇంకొకసారి వాద్యాలు వినిపిస్తూ గాయని గొంతు మాత్రం మాయమవుతుంది. పరికరం చెడిపోయిందనుకొని దాన్ని పక్కన పెట్టేస్తారు. చాలా సందర్భాల్లో పరికరమూ బాగానే ఉంటుంది, కన్సోలూ బాగానే ఉంటుంది. లోపమంతా ఆ రెండింటినీ కలిపిన తీగలో ఉంటుంది.

ఈ విషయం పెద్ద కేంద్రాలకే పరిమితం కాదు. స్వచ్ఛంద సంస్థలు సైతం కమ్యూనిటీ రేడియో నడిపేందుకు కేంద్ర ప్రభుత్వం 2006లో మార్గదర్శకాలు ప్రకటించింది. అప్పటి మెదక్ జిల్లా మాచ్‌నూర్‌లో 2008లో ప్రారంభమైన సంఘం రేడియో ఆ కోవలో తొలి అడుగులు వేసింది. సాధారణంగా 100 వాట్ల శక్తికి మించకుండా ప్రసారం చేసే ఇటువంటి చిన్న కేంద్రాల్లో ప్రతి పనికీ ఇంజనీరు అందుబాటులో ఉండరు. తీగ కలిపే బాధ్యత కార్యక్రమం చేసే వారి మీదే పడుతుంది. అందుకే ఈ విషయాన్ని సాంకేతిక చదువు లేనివారు సైతం తెలుసుకోవడం అవసరం.

ఇంటి పరికరానికీ స్టూడియో పరికరానికీ ప్రధానంగా మూడు తేడాలు ఉన్నాయి. అవి సంకేతం స్థాయి, తీగల అమరిక, ఎర్త్.

మొదటి తేడా: సంకేతం స్థాయి

ధ్వని తీగలో విద్యుత్ సంకేతంగా ప్రయాణిస్తుంది. ఆ సంకేతం ఎంత వోల్టేజీతో ఉండాలన్న విషయంలో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. ఇంటి పరికరాల లైన్ సంకేతానికి ప్రామాణిక స్థాయి సుమారు 0.316 వోల్టులు. దీన్ని మైనస్ 10 డీబీవీ అంటారు. స్టూడియో పరికరాలకు అది సుమారు 1.23 వోల్టులు. దీన్ని ప్లస్ 4 డీబీయూ అంటారు. డీబీయూ కొలమానానికి మూలం టెలిఫోన్ రంగంలో ఉంది. 600 ఓమ్‌ల లైనులో ఒక మిల్లీవాట్ శక్తికి కావలసిన 0.775 వోల్టులను సున్నాగా తీసుకొని ఈ లెక్క కట్టారు.

అంటే స్టూడియో సంకేతం ఇంటి సంకేతం కంటే సుమారు నాలుగు రెట్లు పెద్దది. డెసిబెల్ లెక్కలో ఈ అంతరం దాదాపు 12. ఇంటి పరికరాన్ని నేరుగా కన్సోల్ లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే ధ్వని సన్నగా రావడానికి కారణం ఇదే. అప్పుడు ఫేడర్‌ను పైకి నెట్టితే మాటతో పాటు రొద కూడా పెరుగుతుంది. దీనికి విరుద్ధంగా, స్టూడియో సంకేతాన్ని ఇంటి రికార్డర్‌లోకి పంపితే అది తట్టుకోలేక ధ్వని పగిలినట్లు, బొంగురుగా వస్తుంది.

మైక్రోఫోన్ సంకేతం మరీ చిన్నది. అది సాధారణంగా కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. కాబట్టి ల్యాప్‌టాప్ లైన్ సంకేతాన్ని కన్సోల్ మైక్ ఇన్‌పుట్‌లో పెట్టడం సైతం పొరపాటే. మైక్ ఇన్‌పుట్‌కు మరో ప్రమాదం కూడా ఉంది. కండెన్సర్ మైక్రోఫోన్లకు అవసరమైన 48 వోల్టుల విద్యుత్తు, అంటే ఫాంటమ్ పవర్, ఆ ఇన్‌పుట్ నుంచి బయటికి వస్తూ ఉండవచ్చు. ఆ మీట వేసి ఉన్నప్పుడు ఫోన్‌నో ల్యాప్‌టాప్‌నో నేరుగా కలిపితే వాటి ఆడియో భాగం దెబ్బతినవచ్చు.

రెండో తేడా: తీగల అమరిక

ఇంటి పరికరాల ఆర్‌సీఏ కేబుల్‌లో ప్రతి చానల్‌కూ ఒక తీగ, దాని చుట్టూ అల్లిన ఒక షీల్డ్ ఉంటాయి. షీల్డ్ బయటి రొదను అడ్డుకోవడంతో పాటు సంకేతం తిరిగి వెళ్లే దారిగా సైతం పనిచేస్తుంది. ఒకే తీగ రెండు పనులు చేస్తుందన్నమాట. దీన్ని అన్‌బ్యాలెన్స్‌డ్ అమరిక అంటారు. అల్మారాలో ఒకదానిపై ఒకటి ఉన్న రెండు పరికరాలను మీటరు పొడవు కేబుల్‌తో కలపడానికి ఇది సరిపోతుంది.

స్టూడియోలో కేబుళ్లు పదుల మీటర్లు సాగుతాయి. విద్యుత్ తీగల పక్కనుంచి, దీపాల కిందనుంచి వెళ్తాయి. అందుకోసం బ్యాలెన్స్‌డ్ అమరిక వచ్చింది. దీనిలో మెలివేసిన రెండు తీగలు, వాటి చుట్టూ విడిగా షీల్డ్ ఉంటాయి. ఎక్స్ఎల్ఆర్ కనెక్టర్‌లో 1వ పిన్ షీల్డ్‌కు, 2వది హాట్ తీగకు, 3వది కోల్డ్ తీగకు కేటాయించారు. ఎర్త్‌తో పోల్చినప్పుడు హాట్, కోల్డ్ తీగల విద్యుత్ స్వభావం ఒకేలా ఉంటుంది కాబట్టి బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది. కన్సోల్ ఇన్‌పుట్ ఈ రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. సమానంగా ఉన్న రొద ఈ తీసివేతలో రద్దవుతుంది. ఆ తేడా రూపంలోనే ప్రయాణించే సంకేతం మిగులుతుంది.

గొంతు ఎలా మాయమవుతుంది?

మేలు చేసే ఈ తీసివేతే ఒక సందర్భంలో కీడు చేస్తుంది. ఫోన్, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ ప్లగ్‌లో కొనభాగం ఎడమ చానల్‌కు, మధ్య వలయం కుడి చానల్‌కు, చివరి భాగం ఉమ్మడి తీగకు ఉంటాయి. స్టూడియోలో వాడే బ్యాలెన్స్‌డ్ ప్లగ్ ఆకారం కూడా ఇదే. అయితే అక్కడ కొన హాట్, వలయం కోల్డ్, చివరి భాగం షీల్డ్. ఆకారం ఒకటి కావడంతో హెడ్‌ఫోన్ కేబుల్‌ను బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో సులువుగా పెట్టేయవచ్చు. బజారులో దొరికే కొన్ని కేబుళ్లు ఒక చివర స్టీరియో ప్లగ్‌తో, మరో చివర ఎక్స్ఎల్ఆర్‌తో సరిగ్గా ఈ విధంగానే కలిపి ఉంటాయి.

అప్పుడు కన్సోల్ ఎడమ చానల్ నుంచి కుడి చానల్‌ను తీసివేస్తుంది. పాటల్లో ప్రధాన గాత్రాన్ని సాధారణంగా రెండు చానళ్లలోనూ సమానంగా ఉంచుతారు. సమానమైనది కాబట్టి అది రద్దవుతుంది. పక్కలకు సర్దిన వాద్యాలు, గాత్రం వెనుక ప్రతిధ్వని మాత్రం మిగులుతాయి. మోనోలో రికార్డు చేసిన ఇంటర్వ్యూ అయితే రెండు చానళ్లలోనూ ఒకే ధ్వని ఉంటుంది కనుక దాదాపు మొత్తం మాయమవుతుంది. సాక్షి చెప్పిన మాట ఫోన్‌లో స్పష్టంగా ఉన్నా, ప్రసారంలో నిశ్శబ్దమే వెళ్తుంది.

ఇటువంటిదే మరో పొరపాటు ఇంకా కపటంగా ఉంటుంది. స్టీరియో కేబుళ్లలో ఒకదానికి మాత్రమే 2, 3 పిన్‌లు తారుమారైతే స్టూడియోలో హెడ్‌ఫోన్ పెట్టుకున్న వారికి ధ్వని కొంచెం వింతగా, విశాలంగా వినిపిస్తుంది. లోపం ఉన్నట్లు తోచదు. కానీ మోనోలో వినే శ్రోతకు రెండు చానళ్లు కలిసినప్పుడు గొంతు రద్దవుతుంది. మీడియం వేవ్ ప్రసారం మోనోలో ఉంటుంది. ఒకే స్పీకర్ ఉన్న చిన్న రేడియోలు, అనేక ఫోన్లు మోనోలోనే పలుకుతాయి. ఖరీదైన పరికరం ఉన్న శ్రోతకు వార్త అందుతుంది, చిన్న రేడియో మీద ఆధారపడిన శ్రోతకు అందదు. కాబట్టి ప్రతి కొత్త కేబుల్‌ను కన్సోల్‌లోని మోనో మీట నొక్కి వినడం తప్పనిసరి అలవాటు కావాలి. మీట నొక్కగానే గొంతు సన్నబడితే కేబుల్ తప్పు.

మూడో తేడా: ఎర్త్, గుయ్‌మనే రొద

మన దేశంలో విద్యుత్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ధ్వనిలో వినిపించే రొద ఈ 50 హెర్ట్జ్‌తో పాటు దాని గుణిజాలైన 100, 150 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది. ఇంజనీర్లు దీన్ని హమ్ అంటారు.

దీనికి ముఖ్య కారణం ఎర్త్ లూప్. ల్యాప్‌టాప్ చార్జర్ మూడు పిన్‌ల ప్లగ్ ద్వారా ఒక చోట ఎర్త్‌కు కలిసి ఉండవచ్చు. కన్సోల్ స్టూడియోకు ప్రత్యేకించిన మరో ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఈ రెండు చోట్ల మధ్య స్వల్పమైన వోల్టేజీ తేడా ఉంటుంది. ఆడియో కేబుల్ ఆ రెండింటినీ కలపగానే దాని షీల్డ్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో షీల్డే సంకేతం తిరిగి వెళ్లే దారి కాబట్టి ఆ ప్రవాహం వల్ల పుట్టిన వోల్టేజీ నేరుగా ధ్వనిలో కలిసిపోతుంది.

దీన్ని గుర్తించడం సులభం. ల్యాప్‌టాప్‌కు చార్జర్ తీసివేసి బ్యాటరీ మీద నడపాలి. రొద వెంటనే ఆగిపోతే అది చార్జర్ దారిలో వచ్చిందే, ఎక్కువగా ఎర్త్ లూపే. అలా కాకుండా కేబుల్‌నో ప్లగ్‌నో చేత్తో తాకినప్పుడు రొద మారుతూ ఉంటే షీల్డ్ తెగిందని, లేదా సరిగా అతకలేదని అనుమానించాలి. తక్కువ వ్యవధి కార్యక్రమాలకు ల్యాప్‌టాప్‌ను పూర్తిగా చార్జ్ చేసి, బ్యాటరీ మీదే నడపడం అన్నింటికంటే తేలికైన పరిష్కారం.

ఎర్త్ పిన్ తీయరాదు

హమ్ వదిలించుకోవడానికి చాలాచోట్ల ఒక ప్రమాదకరమైన పద్ధతి అనుసరిస్తారు. మూడు పిన్‌ల ప్లగ్‌లో లావుగా, పొడవుగా ఉండే ఎర్త్ పిన్‌ను తొలగిస్తారు. లేదా లోపల ఎర్త్ తీగను విప్పేస్తారు. ఎర్త్ లూప్ తెగుతుంది కనుక రొద నిజంగానే ఆగిపోతుంది. అందువల్లే ఈ పద్ధతి నిలిచిపోయింది.

ఆ పిన్ అక్కడ ఉన్నది ధ్వని కోసం కాదు, ప్రాణరక్షణ కోసం. పరికరం లోపల 230 వోల్టుల తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలితే ఎర్త్ ద్వారా భారీ ప్రవాహం వెళ్లి ఫ్యూజ్ కాలిపోతుంది, లేదా ఎంసీబీ పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ పెట్టె 230 వోల్టులతో అలాగే ఉండిపోతుంది. ఆడియో కేబుల్ షీల్డ్ ద్వారా ఆ వోల్టేజీ దానికి కలిసిన ఇతర లోహభాగాలకు సైతం చేరవచ్చు. దాన్ని తాకిన వ్యక్తి శరీరమే విద్యుత్తుకు దారి అవుతుంది. ప్రాణరక్షణకు అమర్చే ఆర్‌సీసీబీలు సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల లీకేజీ వద్దనే సరఫరా నిలిపివేసేలా ఉంటాయంటే, మనిషికి ప్రాణాపాయం కలగడానికి ఎంత తక్కువ విద్యుత్తు చాలునో ఊహించవచ్చు.

కాబట్టి ఒక్క నియమం గుర్తుంచుకోవాలి. ఎర్త్ లూప్‌ను ఆడియో కేబుల్ వైపున తెంచవచ్చు, విద్యుత్ సరఫరా వైపున ఎన్నడూ తెంచరాదు. డీఐ బాక్సు మీద కనిపించే గ్రౌండ్ లిఫ్ట్ మీట ఆడియో షీల్డ్‌ను మాత్రమే విడదీస్తుంది. దాన్ని వాడడం సురక్షితం. ప్లగ్ పిన్ తీయడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

సరైన మార్గాలు

మొదటి మార్గం ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. దీనిలో రెండు తీగచుట్లు ఉంటాయి. వాటి మధ్య లోహ సంబంధం ఉండదు. సంకేతం అయస్కాంత క్షేత్రం ద్వారా అటునుంచి ఇటు చేరుతుంది. ఎర్త్ ప్రవాహానికి దారి ఉండదు. అన్‌బ్యాలెన్స్‌డ్ సంకేతం బ్యాలెన్స్‌డ్ లైన్‌లోకి సహజంగా మారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు ఈ పనితో పాటు సంకేతాన్ని మైక్ స్థాయికి తగ్గిస్తుంది కాబట్టి కన్సోల్ మైక్ ఇన్‌పుట్‌కు కలపవచ్చు.

రెండో మార్గం మ్యాచ్ బాక్సుగా పిలిచే యాక్టివ్ పరికరం. ఇది ఇంటి పరికరం సంకేతాన్ని స్టూడియో స్థాయికి పెంచి బ్యాలెన్స్‌డ్‌గా మారుస్తుంది. సీడీ ప్లేయర్, క్యాసెట్ డెక్ వంటివి నిత్యం కలిపి ఉంచవలసిన చోట ఇది అనువైనది.

రెండూ లేనప్పుడు కేబుల్‌ను జాగ్రత్తగా తయారు చేసుకోవాలి. రెండు తీగలు, ఒక షీల్డ్ ఉన్న బ్యాలెన్స్‌డ్ కేబుల్‌నే తీసుకోవాలి. ఎక్స్ఎల్ఆర్ 2వ పిన్‌ను ఇంటి పరికరం ప్లగ్ కొనకు, 3వ పిన్‌ను అదే ప్లగ్ బయటి భాగానికి కలపాలి. షీల్డ్ 1వ పిన్‌కు వెళ్తుంది. 3వ పిన్ తీగ, షీల్డ్ కలవవలసింది ఇంటి పరికరం చివరనే. కన్సోల్ చివర 1, 3 పిన్‌లను కలిపేస్తే ఎర్త్ ప్రవాహం మళ్లీ సంకేతంలో చేరుతుంది. చూడడానికి చిన్న మార్పే అయినా రొదలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

స్టీరియోను మోనోగా మార్చడానికి రెండు చానళ్ల తీగలను ముడివేసి ఒకటి చేయరాదు. అలా చేస్తే ఒక అవుట్‌పుట్ మరొకదాన్ని తోస్తుంది. ధ్వని చెడుతుంది, పరికరం మీద భారం పడుతుంది. ఒక్కో చానల్‌లో 470 ఓమ్‌ల ప్రాంతపు రెసిస్టర్ పెట్టి ఆ తర్వాత కలపాలి. అంతకంటే మేలు, రెండు చానళ్లనూ కన్సోల్‌లో వేర్వేరు ఫేడర్లకు తెచ్చి అక్కడ కలపడం.

స్టూడియో నుంచి ఇంటి రికార్డర్‌లోకి పంపేటప్పుడు స్థాయిని తగ్గించాలి. ఇక్కడ 3వ పిన్‌ను ఏం చేయాలన్నది కన్సోల్ అవుట్‌పుట్ తీరును బట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ అయితే దాన్ని షీల్డ్‌తో కలపాలి. కొన్ని ఎలక్ట్రానిక్ అవుట్‌పుట్లలో మాత్రం కలపకుండా వదిలేయాలి. తయారీదారు పుస్తకం చూసిన తర్వాతే ఈ పని చేయడం మంచిది.

ఫోన్లు, పాత క్యాసెట్లు

ఫోన్ జాక్‌లో నాలుగు సంపర్కాలు ఉంటాయి. నేటి ఫోన్లలో అవి ఎడమ, కుడి, ఉమ్మడి, మైక్ అనే వరుసలో ఉంటాయి. కొన్ని పాత ఫోన్లలో చివరి రెండూ తారుమారు. వరుస కుదరని హెడ్‌సెట్‌నో నాలుగు సంపర్కాల కేబుల్‌నో వాడితే ఉమ్మడి తీగ సరిగా అందక గొంతు మళ్లీ డొల్లగా వస్తుంది. జాక్ లేని ఫోన్లకు వాడే యూఎస్‌బీ సీ అడాప్టర్లు సైతం అన్నీ ఒకటి కావు. డిజిటల్ సంకేతాన్ని ధ్వని సంకేతంగా మార్చే చిప్ కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఏ అడాప్టర్ ఏ ఫోన్‌కు పలుకుతుందో ముందే చూసుకోవాలి.

ప్రసారంలో ఉన్న ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే వార్తల మధ్య ఎవరిదో కాల్ మోగుతుంది. అంతేకాక 2జీ ఫోన్ టవర్‌తో మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 217 సార్లు రేడియో తరంగాలను విడుదల చేస్తుంది. దగ్గరున్న కేబుళ్లు వాటిని పట్టుకొని దడదడమనే శబ్దంగా మారుస్తాయి. బ్లూటూత్ వాడితే తీగ బాధ తప్పుతుంది కానీ ధ్వని ఆలస్యంగా చేరుతుంది. ప్రత్యక్ష సంభాషణకు అది పనికిరాదు.

ఫోన్‌లో ఉన్నది రికార్డు చేసిన ఫైలే అయితే తీగ కలపవలసిన పనే లేదు. ఫైల్‌ను నేరుగా స్టూడియో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవడం ఉత్తమం. వాట్సాప్‌లో పంపవలసి వస్తే ఫైల్‌ను డాక్యుమెంట్ రూపంలో పంపాలి. అప్పుడు అసలు నాణ్యత చెక్కుచెదరదు.

పాత క్యాసెట్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కాంపాక్ట్ క్యాసెట్ 1963లో వచ్చింది. అనేక కుటుంబాల్లో పెద్దల గొంతులు నేటికీ ఆ టేపుల్లోనే ఉన్నాయి. చాలావాటికి మరో ప్రతి లేదు. క్యాసెట్‌ను పరికరంలో పెట్టే ముందు దాని వెనుక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచి ఉన్నాయో లేదో చూడాలి. అవి అలాగే ఉంటే పొరపాటున రికార్డ్ మీట నొక్కినప్పుడు పాత ధ్వని చెరిగిపోతుంది. హెడ్‌ఫోన్ జాక్ కంటే లైన్ అవుట్ ఉంటే దాన్నే వాడాలి. రెండు చానళ్లనూ విడివిడిగా కాపీ చేసి, ఆ తర్వాతే మోనో చేయడం గురించి ఆలోచించాలి. టేప్ హెడ్ ఏ కొంచెం వంకరగా ఉన్నా రెండు చానళ్లను కలపగానే మాటల స్పష్టత తగ్గుతుంది.

గ్రామఫోన్ రికార్డుల టర్న్‌టేబుల్ సంకేతం సాధారణంగా కొన్ని మిల్లీవోల్టులే. పైగా రికార్డులో మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి ముద్రిస్తారు. దాన్ని తిరిగి సరిచేసే ఫోనో ప్రీయాంప్లిఫయర్ లేకుండా కన్సోల్‌కు కలిపితే ధ్వని పలచగా, కీచుగా ఉంటుంది. టర్న్‌టేబుల్‌కు విడిగా వచ్చే సన్నని ఎర్త్ తీగను ఆ ప్రీయాంప్లిఫయర్‌కు బిగించాలి.

ప్రసారానికి ముందు

కొత్త పరికరం వచ్చినప్పుడు కొద్ది నిమిషాల పరీక్ష చాలు. ముందుగా కన్సోల్ ఫేడర్ కిందికి దించి, ఫాంటమ్ పవర్ ఆపిన తర్వాతే ప్లగ్ పెట్టాలి. ధ్వని ఏదీ నడపకుండా ఫేడర్ మెల్లగా పెంచి రొద ఉందో లేదో వినాలి. తర్వాత మాటలున్న భాగం నడిపి మీటర్‌లో స్థాయి చూడాలి. మోనో మీట నొక్కి గొంతు నిలిచిందో లేదో గమనించాలి. చివరగా కేబుల్‌ను కొంచెం కదిలించి చూడాలి. చిటపటలు వస్తే ఆ కేబుల్‌ను పక్కన పెట్టాలి.

సరిగ్గా పనిచేసిన కేబుల్‌కు చిన్న కాగితం అంటించి, అది ఏ పరికరం నుంచి ఏ ఇన్‌పుట్‌కు ఉద్దేశించినదో రాసి ఉంచడం మరో మంచి అలవాటు. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న ఉద్యోగి అత్యవసర వార్త కోసం చేతికందిన కేబుల్‌ను తీసుకుంటారు. తుపాను హెచ్చరిక సమయంలో జిల్లా అధికారి సందేశం ఫోన్‌లో సిద్ధంగా ఉండీ, తీరంలోని చిన్న రేడియోకు నిశ్శబ్దంగా చేరకూడదంటే, సరైన కేబుల్ ఏదో ఆ క్షణంలో చూడగానే తెలియాలి.